వియ్యంకుడి తాడు

పాము పగ పడితే పన్నెండేళ్ళు గుర్తుపెట్టుకుంటుందంటారు. ఆ మాట అన్నవాడెవడో మా అక్కని చూసి ఉండడు.

నేను ఆమెకి తమ్ముణ్ణి. బండ్లు బాగుచేసే షెడ్డు ఉంది నాకు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు, నేనూ కాదనను. కోపమొస్తే అరుస్తాను, స్పానరు విసిరేస్తాను, ఆ తర్వాత బల్లల కింద దూరి ఆ స్పానరు నేనే వెతుక్కుంటాను. సాయంత్రానికి ఎవడి మీద అరిచానో కూడా గుర్తుండదు. అక్క అలా కాదు. గొంతు పెంచదు. కోపాన్ని మడతపెట్టి బీరువాలో దాచుకుంటుంది, కావలసిన రోజున ఇస్త్రీ చెదరకుండా బయటికి తీస్తుంది.

పెళ్ళయిన కొత్తలో వాళ్ళ వీధి చివరి టైలరు ఆమె బట్ట పాడుచేసి, "లోపం కుట్టులో లేదమ్మా, నీ ఒంట్లోనే ఉంది" అన్నాడట. అక్క ఒక్క మాటైనా అనకుండా ఇంటికొచ్చేసింది. కుట్టుమిషను సంపాదించింది, పని నేర్చుకుంది, వీధిలో సగం మందికి ఊరికే కుట్టిపెట్టింది. ఆ టైలరు దుకాణం ఎత్తేసి వేరే పేటకి వెళ్ళిపోయిన మర్నాడు మిషను అటకెక్కించింది. మళ్ళీ సూది ముట్టుకోలేదు.

ఇక మా బావ. బోర్డులు రాస్తాడు. దుకాణాల మీద పేర్లు, బండ్ల వెనక మాటలు, గోడల మీద 'ఇక్కడ చెత్త వేయరాదు' అన్నీ ఆయన చేతివే. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన మాట్లాడాల్సిందంతా కుంచే మాట్లాడుతుంది. ఆ బోర్డులు మోయడానికని ఒక పాత పికప్పు కొన్నారు. బావ స్టీరింగు పట్టుకుంటే సైకిళ్ళు కూడా దాటి వెళ్ళిపోయేవి. చూసి చూసి ఒకరోజు అక్క ఆయన్ని పక్కకి జరగమంది. అప్పట్నించీ ఆ సీటు ఆమెదే. బోర్డులు లేని రోజుల్లో ఎవరిదో సరుకు వేసుకొచ్చేది. పోను పోను సరుకే అసలు పనై కూర్చుంది.

మా ఊరు సగం కింద, సగం గుట్ట మీద. ఇళ్ళు కట్టేదంతా గుట్ట మీదే, సిమెంటు గోడౌను మాత్రం కింద. మధ్యలో ఎత్తు రోడ్డు. ఆ రోడ్డు బజారు మధ్యనుంచే పోతుంది, రెండువైపులా దుకాణాలు, వాటి ముందు పనీపాటా లేని జనం. సగం పైకెక్కాక ఒక మలుపు ఉంటుంది. అక్కడికొచ్చేసరికి బరువున్న బండి ఏదైనా మూలుగుతుంది కాబట్టి డ్రైవర్లు దాన్ని ఏడుపు మలుపు అంటారు. ఆ మలుపులో ఆగిందంటే ఊరంతా చూసినట్టే.

అక్క పికప్పు అక్కడ ఆగింది. చిన్న ఇంజిను, వయసైపోయినది, వెనక నిండా బస్తాలు. నేను ముందునుంచీ చెబుతూనే ఉన్నాను, ఇది బోర్డులు మోసే బండి, సిమెంటు మోసేది కాదని. వింటేగా. ఆ రోజు మలుపులో ఓసారి దగ్గి, నల్లపొగ కక్కి, ఊరుకుంది. ఇంకెవరి బండి వెనకాల వచ్చినా బాగుండేది. వచ్చింది వియ్యంకుడు.

ఆయన గురించి చెప్పాలి. అక్క కూతుర్ని ఆయన కొడుక్కిచ్చాం. పిల్లలిద్దరూ ఇష్టపడే చేసుకున్నారు, దానికేం వంక లేదు. ఆయనకి వరసగా కొత్త పికప్పులు ఉన్నాయి, ఒక్కోదానికీ బస్సుకి పెట్టే హారను పెట్టించాడు. అందుకే ఊళ్ళో ఆయన్ని హారన్ పెద్దాయన అంటారు. గుండె మంచిదే అంటారు చాలామంది. ఉండొచ్చు. నోటికి మాత్రం బ్రేకుల్లేవు. పిల్లల పెళ్ళైన కొత్తలో బావ ఆయన బండి వెనక 'నన్ను చూసి ఏడవకు' అని రంగురంగుల అక్షరాలతో రాసిపెట్టాడు, చుట్టరికం కొద్దీ.

ఆయన దిగి, "అయ్యో చెల్లెమ్మా" అన్నాడు. తాడు తీసి కట్టాడు. అంతవరకూ బాగానే ఉంది. మలుపు నుంచి గుట్ట మీది దాకా హారను మోగిస్తూనే లాక్కెళ్ళాడు. జనం దుకాణాల్లోంచి బయటికొచ్చి చూశారు. మంగలి సగం గీసిన గడ్డాన్ని వదిలేసి వచ్చాడట. వెనక బండిలో అక్క స్టీరింగు పట్టుకుని నేరుగా ముందుకి చూస్తూ కూర్చుంది.

మా డ్రైవర్లలో ఒక పద్ధతి ఉంది. ఆగిపోయిన బండిని ఇంకొకడు లాగితే దానికి ఏమీ పుచ్చుకోడు. లాగించుకున్నవాడు దిగి, తాడు తన చేత్తో విప్పి, దుమ్ము దులిపి, అరచేతికీ మోచేతికీ మధ్య చుట్టి, లాగినవాడి చేతికివ్వాలి. లాగినవాడు తీసుకోవాలి. అంతటితో ఇద్దరూ సమానం, ఎవడూ ఎవడికీ తక్కువ కాదు. చుట్టిన తాడుని నేల మీద మాత్రం పెట్టకూడదు. ఎవరు పెట్టారో తెలీదు గానీ తాగి తందనాలాడే డ్రైవరు కూడా ఈ ఒక్కటీ తప్పడు.

అక్క పద్ధతి ప్రకారమే తాడు విప్పింది, దులిపింది, చుట్టింది, రెండు చేతులతో పట్టుకుని ఆయన ముందు నిలబడింది. ఆయన అప్పటికే ఒక కాలు బండి మెట్టు మీద పెట్టాడు. వెనక్కి తిరిగి నవ్వాడు.

"ఉంచుకో చెల్లెమ్మా. రేపూ కావాలిగా."

బస్తాలు దించే కూలీలు పగలబడి నవ్వారు. లెక్క చూడటానికి పైకొచ్చిన గోడౌను మేస్త్రీ అందరికంటే ఎక్కువ నవ్వాడు. హారను కొట్టుకుంటూ ఆయన వెళ్ళిపోయాడు. అక్క చేతుల్లో తాడు అలాగే ఉంది. నేల మీద పెట్టకూడదు, తీసుకునేవాడు లేడు. ఎంతసేపు నిలబడిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. మర్నాటి నుంచి మేస్త్రీ ఆమెకి గుట్ట మీది సరుకు వెయ్యడం మానేశాడు. "నీకెందుకమ్మా ఆ ఎత్తు, చదును రోడ్డు చూసుకో" అన్నాడట. చదును రోడ్డు మీద సరుకెక్కడుంది? వారంలో సగం రోజులు బండి ఇంటి ముందు ఊరికే పడి ఉండేది.

ఇంట్లో ముందుగదిలో గోడ గడియారం ఉండేది. అక్క అది దించేసి ఆ మేకుకి తాడు తగిలించింది. టైమెంతయిందని బావ అడిగితే తాడు చూపించేది. పాపం ఆయన చేతి గడియారం కొనుక్కున్నాడు.

తిట్టడానికి లేదు, పోట్లాడటానికి లేదు. పరాయివాడైతే నాలుగు దులిపేసేదేమో. వియ్యంకుడాయె. పిల్ల ఆ ఇంట్లో ఉంది. "అన్నయ్యగారూ" అంటూ నవ్వుముఖంతో టీ ఇవ్వాలి. ఒకసారి ఆయన నిజంగానే చూడటానికి వచ్చాడు. సరిగ్గా ఆ తాడు కిందే కుర్చీ వేయించుకు కూర్చుని, టీ తాగి, తలెత్తి చూసి, "మేకు గట్టిగానే ఉన్నట్టుందే" అని వెళ్ళాడు. ఎంత గుండెలు తీసిన బంటో అనుకున్నాను నేను. అక్క ఆయన తాగిన కప్పుని కడిగిన తీరు చూస్తే ఆ కప్పు ఇంకా పగలకుండా ఎలా ఉందా అనిపించింది.

ఆ మర్నాడే నా షెడ్డుకొచ్చింది.

"దీనికి పెద్ద ఇంజిను వెయ్యి" అంది.

నేను నవ్వాను. ముసలి ఎద్దుకి కొమ్ములు మార్చినంత మాత్రాన దున్నుతుందా అన్నాను. అంతగా కావాలంటే ఇది అమ్మేసి కొత్తది తీసుకో, నేనే చూసిపెడతానన్నాను. ఆమె బానెట్ మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఏ బండి ఆగిందో ఆ బండే ఎక్కాలి. ఆయన బండి ఎక్కడ ఆగితే అక్కణ్ణించి దీంతోనే లాగాలి. ఆ తాడుతోనే లాగాలి. పైకెళ్ళాక ఆయన చుట్టి ఇస్తే, ఆయన అన్న మాటే ఆయనకి అనాలి. అంతే. ఇంకేం అక్కర్లేదు నాకు."

అంతే అట! కొత్త బండ్లున్న మనిషి బండి ఆగాలి, అదీ బజారు మధ్యలో, అదీ ఈమె చూస్తుండగా. అక్కా, నీకు పిచ్చా అన్నాను. ఆమె నా షెడ్డులోంచి కనబడే ఆ టైలరు ఖాళీ చేసిన దుకాణం వైపు చూసింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. నేను చేతులు తుడుచుకుని బయల్దేరాను.

పాత సామాన్ల యార్డులన్నీ తిరిగాం. చివరికి ఒక మూల తుప్పుపట్టిన అంబులెన్సు కనబడింది. పక్కనుంచి ఏదో గుద్ది డొక్క విరిగింది గానీ ముందుభాగం చెక్కుచెదరలేదు. అంబులెన్సు ఇంజినంటే వేళకి ఆయిలు మార్చి ఉంటారు, బరువు మోసి ఉండదు. ఆయిలు కొలిచే డిప్‌స్టిక్ లాగి చూశాను, ఆయిలు తేనెరంగులో ఉంది. అప్పటిదాకా అరుస్తున్నవాణ్ణి అరవడం మానేశాను. అది చూసి అక్క అర్థం చేసుకుంది.

ఇంజిను మార్చడమంటే పాతది తీసి కొత్తది పెట్టడమే అనుకుంటారు జనం. నా తలకాయ! పికప్పు ముందుభాగం ఆ చిన్న ఇంజినుకని కొలిచి చేసింది. పెద్దది చైన్ పుల్లీకి వేలాడదీసి దించితే కింద ఆయిలు చాంబరు వెళ్ళి యాక్సిల్ మీద కూర్చుంది. పైకెత్తితే ఫ్యాను రేడియేటరుని గీస్తుంది. వెనక్కి జరిపితే క్యాబిన్ గోడకి తగులుతుంది. ఇంజిను కూర్చునే పాత మౌంటింగులు కోసేసి కొత్తవి వెల్డింగు చేశాను, చాంబరు అడుగు కోసి మళ్ళీ అతికాను, రేడియేటరు పెద్దది వేశాను. పాత గేరుబాక్సు ఈ ఇంజినుకి కలవదు కాబట్టి అంబులెన్సుదే దింపాను. అది పొడుగు, దాంతో వెనక చక్రాలకి పోయే షాఫ్టు పొట్టి చెయ్యాల్సి వచ్చింది. ముందు కమాను పట్టీలకి ఇంకో ఆకు చేర్చాను. ఒకటి అతికితే ఇంకోటి ఊడుతుంది. ఆ రోజుల్లో నేను విసిరినన్ని స్పానర్లు ఎప్పుడూ విసరలేదు.

అక్క రోజూ వచ్చేది. కాళ్ళు చాపుకుని కూర్చుని బోల్టులు ఒక్కొక్కటీ డీజిల్లో కడిగేది. తుప్పు వదలకపోతే వైరు బ్రష్షు పట్టి, పళ్ళు బిగించి, అది మెరిసేదాకా తోమేది. ఎవరి మొహం ఊహించుకుంటోందో చెప్పక్కర్లేదు. ఇంజిను పడ్డాక ఇక రోడ్డెక్కిద్దామంది. బ్రేకులు మార్చనిదే గేటు దాటనివ్వనని నేను పట్టుబట్టాను. పైకెక్కించే ఇంజిను సరే, ఆ బరువుతో కిందికి దిగితే ఆపేదెవరు? ఆ ఒక్క విషయంలోనే ఇద్దరం ఒక పూటంతా మాట్లాడుకోలేదు. చివరికి పెద్ద బ్రేకు డ్రమ్ములు వేశాను. "నీ పగ నన్ను జైల్లో పెట్టకూడదు" అంటే ఆమె మూతి తిప్పుకుంది.

బానెట్ మాత్రం మూతపడలేదు. మధ్యలో కోసి, రేకు ఉబ్బెత్తుగా వంచి అతికాను. బండికి నుదుటి మీద బొప్పి కట్టినట్టయింది. బావ ఆ అతుకు కనబడకుండా రంగు వేశాడు. కొత్త ఇంజిను నంబరు రాయించడానికి రవాణా ఆఫీసు చుట్టూ తిరిగే పని కూడా ఆయనకే అప్పజెప్పాం, ఓపిక ఉన్నది ఆయన ఒక్కడికే. అన్నీ అయ్యాక వెనక పలక మీద ఏం రాయమంటావని అక్కనడిగాడు. తాడు ఇంట్లోంచి వెళ్ళేదాకా ఏమీ రాయొద్దంది.

మొదటిసారి నిండా బస్తాలతో ఎత్తు రోడ్డెక్కినప్పుడు నేను పక్క సీట్లో ఉన్నాను. ఏడుపు మలుపు దగ్గర నేను డాష్‌బోర్డు గట్టిగా పట్టుకున్నాను. అక్క గేరు తగ్గించింది, అంతే. బండి మూలగలేదు, పొగ కక్కలేదు, మామూలుగా ఎక్కేసింది. దుకాణాల ముందు కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. నాకు ఈల వెయ్యాలనిపించింది. అక్క మొహంలో మాత్రం సంతోషమనేదే లేదు. "సగం అయింది" అంది.

మేస్త్రీ మళ్ళీ గుట్ట మీది సరుకు వెయ్యడం మొదలుపెట్టాడు, పైగా అందరికంటే ముందు ఆమెకే. నేనైతే అక్కడితో తాడు చుట్టి పారేసి హాయిగా నిద్రపోయేవాణ్ణి. ఆమె ఆ తాడుని గోడ మీంచి తీసి సీటు వెనక పెట్టుకు తిరగడం మొదలుపెట్టింది.

ఆమె వేసిన ఎత్తు ఏమిటో నాకు తర్వాత తెలిసింది. ఎత్తు కూడా కాదది, మర్యాద. రోజూ గోడౌను దగ్గర, కూలీలందరి ముందూ, వియ్యంకుడి బండి నిండుతుంటే వెళ్ళి, "అన్నయ్యగారూ, మీది కొత్త బండి, సుకుమారం. పై నాలుగు బస్తాలు నా డొక్కుదాంట్లో వేయించండి, పాపం దానికెందుకు శ్రమ" అనేది. ఎంతో ప్రేమగా అనేది. వినేవాళ్ళు ముసిముసిగా నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేసి ఇంకో నాలుగు వేయించుకునేవాడు. మర్నాడు ఆమె ఇంకో నాలుగు ఎక్కువ వేసుకునేది, ఆయన దానిమీద ఇంకో నాలుగు. ఆమె బండిని నేను ఆ బరువుకని అతికాను. ఆయనది కంపెనీ ఎంత చెప్పిందో అంతే మోస్తుంది. ఆయన డ్రైవరు ఇక నావల్ల కాదు, క్లచ్చు పోతుందని చెప్పేశాడు. "చేతకాకపోతే దిగు" అని ఆయనే స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఆ రోజు అక్క, బండిలో ఏదో చప్పుడొస్తోంది వచ్చి విను అని నన్ను ఎక్కించుకెళ్ళింది. సరుకు పైన దించేసి, ఖాళీ బండితో దిగొచ్చి, మలుపుకి కాస్త ఎగువన పంక్చర్ల షాపు ముందు ఆపింది. ఏ చప్పుడూ లేదు. నేను చెవి రిక్కించి, బానెట్ ఎత్తి, దించి, చివరికి ఆమె మొహం చూశాను. కింది రోడ్డు చూస్తోంది.

హారను వినబడింది. మలుపులో ఎదురుగా బస్సు వస్తే ఆయన ఆగాల్సి వచ్చింది. అంత బరువుతో ఎత్తు మీద ఆగిన బండిని కదిలించడం ఎంత కష్టమో ఆయనకి తెలియదు. డ్రైవర్లతో నడిపించుకునేవాడికి ఎలా తెలుస్తుంది? క్లచ్చు సగం తొక్కిపట్టి ఇంజినుని అరిపించాడు. కాలిన వాసన మా దాకా వచ్చింది. ఇంకోసారి అరిపించాడు. ఇంజిను అరుస్తోంది గానీ చక్రం తిరగడం లేదు. బ్రేకు వేసి, దిగి, చక్రాల వెనక రాళ్ళు పెట్టించి, నడుం మీద చేతులు వేసుకున్నాడు.

అక్క బండి స్టార్టు చేసి, పైకి తిప్పి, వెనక్కి దించుకుంటూ ఆయన బండి ముందు ఆపింది. నా వైపు చూడలేదు.

ఖాళీ బండితో ఆ ఎత్తు మీద లాగితే వెనక చక్రాలు గిర్రున జారతాయి, బరువుండాలి అన్నాను. అది కూడా ఆలోచించుకునే ఉంది. ఆయన బస్తాల్లో సగం తన బండిలో వేయించింది. "అన్నయ్యగారూ, మీరు కూర్చోండి, స్టీరింగు చూసుకుంటే చాలు" అంది. సీటు వెనకనుంచి తాడు తీసి నాకిచ్చి కట్టమంది. కట్టాను, మనసులో దేవుళ్ళందర్నీ తలుచుకుని.

ఆ లాగడం జన్మలో మరిచిపోను. అంబులెన్సు ఇంజిను ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, తాడు బిగిసి, రెండు బండ్లూ కదిలాయి. అక్క హారను మీద చెయ్యి పెట్టింది. ఆమె హారను పిల్లి అరిచినట్టు ఉంటుంది. ఆ కీచుగొంతుతోనే గుట్ట మీది దాకా ఆపకుండా మోగించింది. మంగలి మళ్ళీ బయటికొచ్చాడు. మా వెనక తాడు చివర్న వియ్యంకుడు, ఆయన వెనక రంగురంగుల్లో 'నన్ను చూసి ఏడవకు'. పిల్లలు ఆ అక్షరాలు పైకి చదువుకుంటూ వెంటపడ్డారు.

పైన అదే చోట ఆపింది. అదే కూలీలు, అదే మేస్త్రీ. అందరికీ ఆ రోజు గుర్తుంది, ఎవరూ బస్తా ముట్టుకోలేదు. వియ్యంకుడు దిగి, తాడు విప్పి, దులిపి, పద్ధతిగా చుట్టి, అక్క ముందుకొచ్చి చాపాడు. అక్క చేతులు కట్టుకుని నిలబడింది. అన్నాళ్ళుగా నోట్లో నానబెట్టుకున్న మాట బయటికి తీసింది.

"ఉంచుకోండి అన్నయ్యగారూ. రేపూ కావాలిగా."

ఆయన మొహం వాడిపోతుందని చూస్తున్నాం అందరం. ఆయన మొహం విప్పారింది.

"నిజమే చెల్లెమ్మా, కావాలి. మంచి తాడు. ఇలాంటిదే నా దగ్గరా ఒకటుండేది. ఎవరో పట్టుకుపోయి మళ్ళీ ఇవ్వనేలేదు."

ఒక కూలీకి దగ్గొచ్చింది, దగ్గు కాదది. నేను అక్క వైపు చూడలేకపోయాను. గుర్తు లేదు ఆయనకి. గోడ మీద చూసీ గుర్తుపట్టలేదు. ఈమె గడియారం దించింది, బండి పేగులు తీసి మార్పించింది, నా ప్రాణం తోడేసింది. ఆయనకి అదొక పోయిన తాడు, అంతే.

అక్క గొంతు పెంచలేదు. "ఆ పట్టుకుపోయినదాన్ని నేనే" అంది. ఆ రోజు ఏం జరిగిందో మొత్తం చెప్పింది. ఎక్కడ నిలబడింది, ఆయన కాలు ఏ మెట్టు మీద ఉంది, ఏమన్నాడు, ఎవరెవరు నవ్వారు. నవ్వినవాళ్ళని పేరుపేరునా చెబుతుంటే వాళ్ళు నేల చూపులు చూశారు.

"అలా అన్నానా? సరదాకి అనుంటాను చెల్లెమ్మా" అన్నాడాయన, గొంతు తగ్గించి.

"మీకు సరదా. నాకు అప్పట్నించీ తిన్నది ఒంటపట్టలేదు."

"తప్పయింది. ఇదిగో, తీసుకో."

రెండు చేతులతో చాపాడు. అక్క ఆ తాడుని చూసింది, ఆయన్ని చూసింది, బండెక్కింది. ఆయన బస్తాలు దింపించి, బండి తిప్పుకుని కిందికి వచ్చేసింది. అద్దంలో చూశాను నేను. ఎండలో తాడు పట్టుకుని నిలబడే ఉన్నాడు. నేల మీద పెట్టకూడదు కదా. ఆయన్ని చూస్తే జాలేసిందని చెప్పను, నాకు వెయ్యలేదు.

అంతటితో అయిపోతే బాగుండు. మర్నాడు మా మేనకోడలు స్కూటరుకి ఆ తాడు తగిలించుకుని పుట్టింటికి వచ్చింది. మామగారు పంపారంది, ఇస్తేగానీ అన్నం ముట్టనన్నారట. అక్క ఆ పిల్లకి టీ ఇచ్చి, తాడుతోనే వెనక్కి పంపింది. ఆయన మళ్ళీ పంపాడు. ఈమె మళ్ళీ తిప్పి పంపింది. ఆ పిల్ల మందుల షాపులో పని చేస్తుంది, పొద్దున పోతూ ఈ ఇంట్లో, సాయంత్రం వస్తూ ఆ ఇంట్లో తాడు దించేది. దారిలో జనం, "ఏమ్మా, ఈవేళ తాడు ఎవరింట్లో పడుకుంటుంది?" అని అడగడం మొదలుపెట్టారు.

ఒకరోజు అక్క నా షెడ్డులో ఆయిలు మార్పించుకుంటోంది. మేనకోడలు స్కూటరు దిగి తిన్నగా లోపలికి వచ్చింది. "మావయ్యా, రంపం ఎక్కడుంది?" అంది. చూపించాను. తాడు బారుగా విప్పి, మధ్యకి మడిచి, బెంచీకున్న వైసులో బిగించి కొయ్యడం మొదలుపెట్టింది. నైలాన్ తాడు, అంత తేలిగ్గా తెగదు. చెమటలు కారుతున్నా ఆపలేదు. నేను సాయం వెళ్ళబోతే కళ్ళతోనే ఆపింది. అచ్చం వాళ్ళమ్మ కళ్ళు.

తెగాక ఒక ముక్క వాళ్ళమ్మ ముందు బెంచీ మీద పెట్టింది.

"ఆయన అన్నది తప్పే. నీకు కోపం రావడం తప్పు కాదు. ఆయన నవ్వాడు, నువ్వు గెలిచావు, బాగుంది. కానీ అమ్మా, ఇన్నాళ్ళూ ఈ తాడు మోసిందెవరు? నువ్వా, ఆయనా?"

అక్క బెంచీ మీది ముక్కని చూసింది.

"ఈ ముక్క నీది, ఆ ముక్క ఆయనది. ఇంత పొట్టి తాడుతో బండి లాగితే వెనకది వచ్చి ముందుదాన్ని గుద్దుతుంది. ఇంక మీరిద్దరూ ఒకరినొకరు లాగలేరు. బట్టలారేసుకోండి."

ఆ రెండో ముక్క స్కూటరు మీద పడేసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు కళ్ళు తుడుచుకుంది. అది నేనూ చూశాను, అక్కా చూసింది.

అక్క ఆ ముక్క చేతిలోకి తీసుకుంది. తెగిన చివర్న పీచులు ఒక్కొక్కటీ దువ్వినట్టు సర్దింది. అదైపోయింది, ఇక ఏడుస్తుంది కాబోలనుకున్నాను. పాత బనీను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను.

ఆమె తాడుని మోచేతి నుంచి వేలి కొసదాకా పెట్టి మూరలు కొలవడం మొదలుపెట్టింది. చివరిదాకా కొలిచి, మొత్తం తాడు మూరల్లోంచి అవి తీసేసి వేళ్ళ మీద లెక్క చూసుకుని, స్కూటరు వెళ్ళిన దారివైపు తలెత్తింది.

"వాళ్ళ ముక్కే పొడుగురా."

"అయితే ఇంకా పెద్ద ఇంజిను చూడమంటావా ఏంటి?" అన్నాను, వెటకారంగా.

నవ్వుతుందనుకున్నాను. ఆలోచిస్తోంది.